ప్రూయిట్ చేతిలో ముల్లు

థాడియస్ ప్రూయిట్ కోసిన రికార్డులన్నిటిలోనూ నేనున్నాను. ఉన్నానని నేను చెబితే నమ్మాల్సిందే తప్ప, వింటే తెలిసేది కాదు. శాక్సఫోను మీ చెవి పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు వినబడుతుంది. పియానో పక్కింట్లోంచి వినబడుతుంది. ఆ వెనకాల, మేడ మీద ఎవరో ట్రంకుపెట్టె ఈడుస్తున్నట్టు దబదబమని ఒక చప్పుడు ఉంటుంది చూడండి, అదే నేను. వేళ్ళు కాయలు కాసేలా జీవితమంతా బేసు తీగలు లాగి, చివరికి నేను ఈ లోకానికి మిగిల్చింది ఒక ట్రంకుపెట్టె.

ఇదేంట్రా అని అడిగితే, మైకు ఒక్కటే కదా అంటాడు ప్రూయిట్. ఒక్కటే, కాదనను. ఆ ఒక్కదాన్నీ తీసుకెళ్ళి డీకన్ హార్గ్రోవ్ శాక్సఫోను మూతి ముందు వేలాడదీయమని ఎవరు చెప్పారు? రెండడుగులు ఎడంగా పెడితే వాడి సొమ్మేం పోయింది? అడిగాను. అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది గానీ ఆ మైకు అంగుళం కదల్లేదు.

వైన్ వీధిలో రేడియోలు బాగుచేసే కొట్టు ప్రూయిట్‌ది. సెడేలియా నుంచి కాన్సస్ సిటీ వచ్చిన కుటుంబం. తండ్రి రైళ్ళలో పడకలు పరిచే ఉద్యోగం చేస్తూ ఎప్పుడూ ఊళ్ళు పట్టుకు తిరిగేవాడు. ఇంట్లో అక్కచెల్లెళ్ళు ఆరుగురూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. అందుకేనేమో వీడికి చప్పుడంటే పడదు. మండే ఎండల్లోనూ స్వెట్టరు వేసుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ, ఎవరైనా గట్టిగా తలుపేస్తే పన్ను నొప్పొచ్చినవాడిలా మొహం పెట్టేవాడు. ఇంత నిశ్శబ్దం కావలసిన మనిషి పోయి పోయి జాజ్ మీద మనసు పారేసుకోవాలా? అదీ మేబెల్ క్లబ్బులో, ఆదివారం మధ్యాహ్నం చర్చి వదలగానే సగం వీధి వచ్చి కూర్చుని, పక్కటెముకల మాంసం కొరుకుతూ, కేకలేసుకుంటూ, నేల అదిరేలా కాళ్ళు కొట్టే చోట?

నిజానికి వాడు మనసు పారేసుకున్నది జాజ్ మీద కూడా కాదు, డీకన్ మీద. డీకన్ అంటే చర్చి పెద్ద అనుకునేరు. చర్చి గుమ్మం తొక్కడు గానీ మొహం మాత్రం కానుకల పళ్ళెం పట్టుకుని వచ్చేవాడిలా ఉంటుందని మేం పెట్టిన పేరు. శాక్సఫోను ఎత్తితే మటుకు, పగవాడైనా ఒప్పుకోవాలి, గొప్పవాడు. "ఆయన వాయిస్తుంటే బావుంటుంది వెండెల్. కానీ వాయించేసింది గాల్లో కలిసిపోతుంటే నా జేబులోంచి ఎవరో లాక్కుపోతున్నట్టుంటుంది," అని ప్రూయిట్ ఒకసారి నాతో అన్నాడు. ఆ మాటకి నాకు వాడి మీద జాలేసింది. ఆ జాలే మా కొంప ముంచింది. క్లబ్బు నడిపే మేబెలక్కతో మాట్లాడి, వాడి రికార్డు మిషను అక్కడ పెట్టించింది నేనే.

ఏదో రేడియో స్టేషను వాళ్ళు వదిలించుకున్న మిషను అది, సూట్‌కేసంత ఉండేది. అల్యూమినియం ప్లేటు మీద నల్లటి లక్కపూత. ప్లేటు తిరుగుతుంటే పదునైన ముల్లు దాన్ని దున్నుకుంటూ పోతుంది, రికార్డు కోయడమంటే అదే. లేచిన లక్క దారంలా చుట్టలు చుట్టుకుంటుంటే, ప్రూయిట్ పెయింటు బ్రష్షుతో పక్కకి ఊడ్చేవాడు. కాళ్ళ అదురుకి ముల్లు ఎగిరిపోతోందని మిషనుని మా వెనక సామాన్ల గదిలో పిండిబస్తాల మీద పెట్టుకున్నాడు. ఒకసారి వంటమనిషి సిగరెట్టు నోట్లో పెట్టుకుని ఉల్లిపాయల కోసం లోపలికెళితే, ఆ లక్క దారం భగ్గుమంది. ప్రూయిట్ కనుబొమ్మలు కాలిపోయాయి. "ముల్లు ఎగిరిందా? ప్లేటు బావుందా?" అన్నాడే తప్ప, నా మొహం బావుందా అని వాడు అడగలేదు.

ఇక జనంతో గొడవ. ప్రతి వారం ఒకటే పోరు.

"మేబెల్, ఆ ఐసుపెట్టె మోటారు కాసేపు ఆపుతావా? రికార్డులో గుర్రుమంటోంది."

"ఆపితే బీరు ఎవరు చల్లబరుస్తారు? నువ్వు ఊదుతావా?"

"పోనీ గల్లాపెట్టె గంట..."

"ఆ గంట మోగినంతకాలమే నువ్వూ నీ డబ్బా ఇక్కడుండేది. పో నాయనా, పోయి నీ బస్తాల మీద కూర్చో."

మా చెల్లెలు వర్లీన్‌తో మరీను. చర్చి టోపీ పెట్టుకునే వచ్చి, సరిగ్గా మైకు కింది బల్ల దగ్గర కూర్చునేది. దాని గొంతు గురించి అన్నని, నేను చెప్పకూడదు గానీ, రైలింజను పక్కన నిలబడి మాట్లాడినా అవతలి ప్లాట్‌ఫారానికి వినబడుతుంది. డీకన్ ప్రాణం పెట్టి వాయిస్తుంటే మధ్యలో, "ముట్టె శాండ్‌విచ్ నాది, ఆవాలముద్ద ఎక్కువెయ్యి!" అంటుంది. పంది ముట్టె శాండ్‌విచ్ కోసం అది పెట్టిన కేక ఇవాళ న్యూయార్కులో అమ్మే రికార్డులో స్పష్టంగా ఉంది. నేను లేను.

ఇవన్నీ సహించొచ్చు. సహించలేనిది ఇంకోటుంది.

మా పాట మొదలైతే ఎప్పుడాగుతుందో మాకే తెలీదు. ప్లేటు ఒక పక్కకి పట్టేది అందులో ముక్కే. ప్లేట్లు దొరకడం కష్టం, యుద్ధం వచ్చాక మరీ కష్టం. అందుకని వాడొక పద్ధతి పెట్టుకున్నాడు. డీకన్ వాయిస్తున్నంతసేపూ ముల్లు ప్లేటు మీద ఉంటుంది. డీకన్ ఆపి, వంతు మాలో ఎవరికైనా రాగానే ముల్లు పైకి లేస్తుంది. మళ్ళీ డీకన్ అందుకోగానే దిగుతుంది. మా వంతులకి వాడు పెట్టిన పేరు "ఖాళీ". బ్రష్షుతో ప్లేటు ఊడుచుకోడానికీ, ముక్కు చీదుకోడానికీ పనికొచ్చే సమయం అన్నమాట.

"ఖాళీ అంటావేంట్రా? అది నా వంతు!" అని ఒకరోజు వాడి స్వెట్టరు పట్టుకున్నాను.

"అదే వెండెల్, నీ వంతే. నీ వంతు ఖాళీ."

తిట్టినా బాధపడని మనిషిని ఏం చేస్తాం? వాడి మొహంలో కసి లేదు, వెటకారం లేదు. తలుపు తీసి ఉంటే మూసెయ్యాలి, నీళ్ళు కారుతుంటే కట్టెయ్యాలి, పియానో మొదలైతే ముల్లు ఎత్తాలి. అంతే.

పియానో వాయించేది మా బావ, వర్లీన్ మొగుడు ఆర్విల్ గెయిన్స్. వారమంతా నది పక్క మాంసం ఫ్యాక్టరీలో రంపం దగ్గర నిలబడి, ఆదివారం మేబెల్ క్లబ్బులో పియానో ముందు కూర్చునేవాడు. మాట తక్కువ మనిషి. మేమందరం దిగి వచ్చాక ఒకరినొకరు పొగుడుకుంటూనో తిట్టుకుంటూనో ఉంటే, ఈయన టోపీ తిప్పుకుంటూ, "ఇవాళ ఫరవాలేదా బావా?" అని నన్ను అడిగేవాడు. ప్రతి ఆదివారం అదే ప్రశ్న.

"నువ్వు వాయించావు, నీకు తెలీదా?"

"వాయించేటప్పుడు నాకు వినబడదు బావా. తర్వాతది ఎక్కడుందా అని వెతుక్కుంటుంటాను. అయ్యాక చూస్తే ఏమీ గుర్తుండదు."

బ్రహ్మాండంగా ఉందని నేను చెబితే, నువ్వు బావమరిదివి కదా అనేవాడు. వర్లీన్ చెబితే, నువ్వు పెళ్ళానివి కదా అనేవాడు. అందరూ దాన్ని మంచితనం అన్నారు. నాకైతే ఒళ్ళు మండేది. ఇంత మంచితనంతో వేగలేం.

తర్వాత డీకన్‌ని న్యూయార్కు పిలిచింది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. యుద్ధం అయిన ఏడాది, ఫ్యాక్టరీ రంపం ఆర్విల్ బావ కుడిచేతి వేళ్ళు రెండు తీసుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చి, లాండ్రీ బండి తోలే పనిలో కుదిరాడు. ఇంట్లో పియానో అలాగే ఉండేది. వర్లీన్ రోజూ తుడిచేది. ఆయన అప్పుడప్పుడు ఎడంచేత్తో నాలుగు మెట్లు నొక్కి, మూత వేసి లేచిపోయేవాడు. మేబెల్ క్లబ్బు మూతపడింది. ఆ రోజుల గురించి ఎవరైనా మాట్లాడితే, "ఆఁ, నేనేదో పక్కన కొట్టుకుంటూ ఉండేవాణ్ణి," అనేవాడు. మొదట్లో నవ్వులాటకే అనేవాడు. పోనుపోను నవ్వు పోయింది, మాట మిగిలింది.

అలా రోజులు వెళ్ళిపోతుంటే, డీకన్ పేరు పెద్దదై, న్యూయార్కు కంపెనీ ఒకటి ప్రూయిట్‌ని వెతుక్కుంటూ వచ్చింది. వాడి ప్లేట్ల నుంచి ఏరి ఒక పెద్ద రికార్డు విడుదల చేసింది. అట్ట మీద డీకన్ బొమ్మ. వెనకాల చిన్నక్షరాల్లో వీడి పేరు, అదీ తప్పుగా, ప్రూవిట్ అని. ఆ ఒక్క అక్షరం కోసం ప్రూయిట్ ఏడాదిపాటు వాళ్ళకి ఫోన్లు చేశాడు. ముల్లు ఎత్తేసి పారేసిన మా పాటల కోసం మేం ఎవరికి ఫోన్ చెయ్యాలి?

ఆ రికార్డు గురించి ఒక పత్రికలో ఎవరో మహానుభావుడు రాశాడు. ఒక శనివారం మంగలి షాపులో ఆర్విల్ బావ మొహం నిండా నురగతో కుర్చీలో వాలి ఉండగా, మంగలి లెమ్యుయెల్ మన ఊరి ముచ్చట కదా అని గొంతు సవరించుకుని పైకి చదివాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. చప్పుడు బాగాలేదన్నాడు ఆ రాసినవాడు, జనం గోల అన్నాడు, ఐసుపెట్టె మోటారు అని కూడా కనిపెట్టాడు, మెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇలా రాశాడు: రికార్డు చేసినాయన చెవి మాత్రం గొప్పది, పియానో వంతు వచ్చిన ప్రతిసారీ ముల్లు ఎత్తేశాడు, దాన్నిబట్టి ఆ పియానో ఎంత సొగసుగా ఉండేదో ఊహించుకోవచ్చు.

లెమ్యుయెల్ అక్కడికి ఆపేశాడు. ఆర్విల్ బావ అద్దంలోకి చూస్తూ, "పూర్తిగా గియ్యి, ఆ పక్క మిగిలిపోయింది," అన్నాడంతే.

ఇంటికి వెళ్ళేటప్పుడు నేను దారి పొడుగునా ఆ పత్రికవాణ్ణి తిట్టాను. వాడి తాతల్ని తిట్టాను. ప్లేట్లు పొదుపు చెయ్యడానికి ఎత్తాడు బావా, అది పిసినారితనం, చెవీ లేదు బొంగూ లేదు అన్నాను. ఆయన అన్నీ విని, "అక్కడే కూర్చుని విన్నవాడికి తెలీదా బావా? దాచుకోదగ్గదైతే దాచుకునేవాడుగా," అన్నాడు.

వారం తిరక్కుండా, పియానో చర్చికి ఇచ్చేస్తున్నానని పాస్టరు గారితో చెప్పేశాడు. వచ్చే శనివారం మనుషుల్ని పంపుతామన్నారు.

వర్లీన్ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ వీధి చివర నుంచే వినబడే మనిషి, ఆ రోజు తలుపు తీసేదాకా వచ్చినట్టు తెలీలేదు.

"అన్నయ్యా, పియానో పోతే పోనీ. అది పోయాక ఈ మనిషి నేనెవర్నీ కాదు, ఎప్పుడూ కాదు అనుకుంటూ బతుకుతాడు. నావల్ల కాదు చూడ్డం. ఆ ప్రూయిట్ దగ్గర ఈయన వాయించింది ఒక్కటైనా ఉండదా?"

"వాడి సంగతి తెలీదూ? రెండు మెట్లు నొక్కేలోపే ఎత్తేసేవాడుగా."

"ఎన్ని వందల ప్లేట్లున్నాయి వాడి దగ్గర! ఎప్పుడైనా తుమ్మొచ్చి ఉండదా? కునుకు పట్టి ఉండదా? వాడి మెడ మీద కూర్చుంటావో, కాళ్ళు పట్టుకుంటావో, ఒక్కటి పట్రా."

వెళ్ళాను. కొట్టు వెనక గది నిండా ప్లేట్లు, ఒక్కోటీ ఒక్కో సంచిలో, పసిపిల్లల్ని పొత్తిళ్ళలో చుట్టినట్టు, నిలబెట్టి ఉన్నాయి. సంగతి చెప్పాను. ప్రూయిట్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు వెండెల్. ఖాళీలు నేను కొయ్యలేదుగా."

"ఇంకోసారి ఖాళీ అన్నావంటే ఇవన్నీ వీధిలో పోస్తాను. వినిపించు."

"వినిపించడం అంటే... ప్లేటు పెట్టిన ప్రతిసారీ ముల్లు కాస్త గీరేస్తుంది. అరిగిపోతుంది."

"మరి వినకుండా ఏం చేస్తావురా, ఊరగాయ పెట్టుకుంటావా?"

రెండు సాయంత్రాలు కూర్చున్నాం. నాగజెముడు ముల్లైతే ప్లేటుకి నొప్పి తక్కువని, ప్రతి ప్లేటుకీ ఒక ముల్లు చెక్కుకుంటూ కూర్చుంటాడు వాడు. వాడు చెక్కేలోపు నా ఆయుష్షు సగం అయిపోయింది. డీకన్ వాయిస్తాడు, జనం అరుస్తారు, ఆర్విల్ బావ రెండు మెట్లు నొక్కుతాడు, టక్. మళ్ళీ డీకన్. మరో ప్లేటు. డీకన్, అరుపులు, రెండు మెట్లు, టక్. గుమ్మంలో అడుగు పెట్టబోయేవాడి మొహం మీద తలుపు వేసినట్టు, ప్లేటు తర్వాత ప్లేటు. చివరికి నాకు ఏడుపొచ్చింది, కోపంతోనే లెండి.

"ఒక్కసారైనా మానవుడివై ఉండవా నువ్వు? ఒక్కసారి చెయ్యి జారలేదా?"

ప్రూయిట్ చెక్కుతున్న ముల్లు కింద పెట్టి, స్వెట్టరు అంచు లాక్కున్నాడు.

"పాడైంది ఒకటుంది."

"ఏం పాడైంది?"

"పక్క అయిపోయింది. పాట మధ్యలోనే ప్లేటు నిండిపోయింది. డీకన్ చివరి వంతు పడలేదు. దాని గురించి నన్నేమీ అడక్కు."

"అందులో పియానో ఉందా?"

"తెలీదు. కోసిన రోజు నుంచి పెట్టలేదు. చూడ్డమే ఇష్టం లేదు నాకు."

"మరి పారెయ్యకుండా ఎందుకుంచావు?"

"రెండో పక్క బావుంటుంది," అన్నాడు.

ఇలాంటి మనిషితో నేను సగం జీవితం స్నేహం చేశాను.

శనివారం పొద్దున ప్రూయిట్‌నీ, ప్లేటునీ, వాయించే మిషనునీ నా కారులో వేసుకుని చెల్లెలింటికి వెళ్ళేసరికి, చర్చి మనుషులు ముగ్గురు తాళ్ళు పట్టుకుని అప్పటికే ముందుగదిలో ఉన్నారు. పియానోకి దుప్పటి చుట్టేశారు కూడా. ఆర్విల్ బావ చిరునవ్వుతో వాళ్ళకి గుమ్మం కొలతలు చూపిస్తున్నాడు. ఆ చిరునవ్వు చూస్తే నాకు పీక పిసకాలనిపించింది.

"బావా, కూర్చో. ఒకటి వినాలి," అన్నాను.

"తర్వాత వింటాను. వీళ్ళు పని మానుకుని వచ్చారు."

"కూర్చోమన్నాడా లేదా?" అంది వర్లీన్, పాత గొంతుతో. ఆయనే కాదు, తాళ్ళు పట్టుకున్న ముగ్గురూ కూడా కూర్చున్నారు.

ప్రూయిట్ ప్లేటు పెట్టాడు. ఒక్కసారీ పెట్టని పక్క కదా, మిగతా వాటిలో ఉండే గరగర దీన్లో లేదు. ముల్లు దిగగానే ముందుగదిలోకి మేబెల్ క్లబ్బు మొత్తం వచ్చి పడింది. గ్లాసులు, గల్లాపెట్టె గంట, ఎవరో దగ్గడం, కాళ్ళ చప్పుడు, పోయిన మేబెలక్క ఎవర్నో బాకీ అడగడం. వాటన్నిటి మీదా డీకన్. మైకు కింద మా చెల్లెలు ఎవరి పెళ్ళి గురించో గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. ప్రతి చప్పుడుకీ ప్రూయిట్ ఎవరో తొడపాశం పెట్టినట్టు మెలికలు తిరుగుతున్నాడు.

డీకన్ ఆపాడు. జనం అరిచారు, బల్లలు చరిచారు. నేను టక్‌మనే చప్పుడు కోసం పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

రాలేదు. పియానో మొదలైంది.

మొదలైందనుకోవాలి. ఎక్కడో దూరంగా, గోడ అవతల, నీటి చుక్కలు పడుతున్నట్టు. దాని మీద జనం గోల. నా ట్రంకుపెట్టె. ఆర్విల్ బావ కాసేపు తల వంచుకుని విని, లేచాడు.

"ఏముంది బావా ఇందులో? ఏమీ వినబడట్లేదు. వాయిస్తున్నానని కూడా ఎవరికీ తెలిసినట్టు లేదు. పదండి బాబూ, ఎత్తండి."

నిజమే, ఏమీ వినబడట్లేదు. ఎంత చెవులు రిక్కించినా ఫలానాది వాయించాడు, ఇదిగో ఇక్కడ బావుంది అని చూపించడానికి వీల్లేదు. రెండు సాయంత్రాలు, నా పెట్రోలు, ప్రూయిట్ నాగజెముళ్ళు, అన్నీ దండగ. ఆ మైకుని వాడి నెత్తికేసి కొట్టాలనిపించింది.

"ఆగండి," అన్నాడు ప్రూయిట్.

వాడు మెలికలు తిరగడం ఆపేశాడు. తల ఒక పక్కకి వాల్చి, ప్లేటు వైపే చూస్తున్నాడు. జీవితమంతా ఆ గోలని తిట్టుకున్న మనిషి గనక, వాడికే ముందు తెలిసింది.

"గంట మోగట్లేదు," అన్నాడు.

విన్నాం. గల్లాపెట్టె గంట మోగట్లేదు. గ్లాసుల చప్పుడు తగ్గింది. ఎవరో ఒకడు గట్టిగా నవ్వబోతే, "ష్" మని ఇంకొకరు అనడం వినబడింది. కాళ్ళ చప్పుడు ఒక మూల ఆగింది, తర్వాత ఇంకో మూల. మేబెలక్క గొంతు ఒక మాట మధ్యలో ఆగిపోయింది. ఆగిపోవడమంటే పూర్తిగా, బాకీ అడుగుతున్న మనిషి అడగడం మానేసింది. చివరికి ఐసుపెట్టె మోటారు ఒక్కటే మిగిలింది. దాని అవతల, అంత దూరంలో, ఆర్విల్ బావ.

ఆర్విల్ బావ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ప్లేటు అయిపోయిందా?"

"అవలేదు," అంది వర్లీన్. దాని కళ్ళ నీళ్ళు బుగ్గల మీదకి వచ్చేశాయి. "అక్కడే ఉన్నానండీ నేను. మైకు కిందే ఉన్నాను. నేను మాట్లాడట్లేదు."

నేను మా చెల్లెల్ని పుట్టిన రోజు నుంచీ ఎరుగుదును. అది మాట్లాడట్లేదు.

అలా ఎంతసేపు సాగిందో చెప్పలేను. చర్చి మనుషుల్లో పెద్దాయన తాడు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఎక్కడో మధ్యలో, ముల్లు ప్లేటు చివరికి వచ్చేసి గర్‌గర్‌మని అక్కడక్కడే తిరగసాగింది. ఎవరూ కదల్లేదు. ప్రూయిట్ వెళ్ళి దాన్ని ఎత్తాడు.

ఆర్విల్ బావ వాడి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ప్రూయిట్, ఆ రోజు ముల్లు ఎందుకు ఎత్తలేదు?"

"మరిచిపోయాను."

"నువ్వా?"

"నేనే!" ప్రూయిట్ గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. "చెయ్యి దాని మీదే ఉంది. ఎత్తాలి, ఎత్తాలి అనుకుంటూనే ఉన్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. ముల్లు చివరికొచ్చి ఇదిగో ఇలా గీసుకుంటుంటే గానీ తెలివి రాలేదు. ఇంకో ప్లేటు బిగించేసరికి డీకన్ చివరి వంతు వాయించేసి దిగిపోయాడు. ఆ పాట ఆయన మళ్ళీ అలా వాయించలేదు. ఎప్పుడూ వాయించలేదు. ఇన్నేళ్ళూ వీధిలో నువ్వు ఎదురుపడితే నాకు ఒళ్ళు మంట, తెలుసా? నీ వల్లే పోయింది ఆర్విల్. నీ వల్లే పోయింది!"

చర్చి మనుషులు లేచి నిలబడి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు చూశారు. పియానో మీద దుప్పటి తీసెయ్యమని వర్లీన్ వాళ్ళకి చేత్తో చూపించింది.

ఆర్విల్ బావ ప్రూయిట్ భుజం మీద తన కుడి చెయ్యి వేశాడు. "తప్పయిపోయింది ప్రూయిట్, క్షమించు," అన్నాడు. అంత సంతోషంగా క్షమాపణ చెప్పుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.